ఉరుమక్క అరువిచ్చిన కోపం

లాండ్రీలో ఆమెను అందరూ ఉరుమక్క అనేవారు. ఇంట్లో అత్తగారు మాత్రం ఆ పేరు వింటే పకపకా నవ్వేది. "లోకంలో మనుషులు ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మా కోడలికి సామెత తిరగబడింది" అనేది. ముసలావిడ అన్నది నిజమే. ఆ ఇంట్లో ఉరుమక్క గొంతు పక్కగదిలోకి కూడా వినపడేది కాదు. భర్త గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే ఆయన లోకమంతా ఆ పళ్ళచక్రాల్లోనే. కూతురు పుస్తకం తీస్తే తల ఎత్తేది కాదు. వాళ్ళు పై వాటాలో, మేము కింది వాటాలో. ఆ ఇంట్లోంచి మాకు ఎక్కువగా వినపడేది కుట్టుమిషను చప్పుడూ, అత్తగారి దగ్గూనూ.

ఆమె కథలో కొంత మా అమ్మతో మెట్ల మీద కూర్చుని ఆమె చెప్పుకున్నది. కొంత ఆ తర్వాత, ఆమెతో పనిచేసిన దూదమ్మ నోట విన్నది.

వాళ్ళు పనిచేసే లాండ్రీ పొడవాటి రేకుల షెడ్డు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ బల్లగుడ్డలు అక్కడికి మూటలు మూటలుగా వచ్చేవి. షెడ్డులో ఒక కొస ఉతికే యంత్రాలు, రెండో కొస ఇస్త్రీ రోలరు. మనిషి పొడవున్న గుండ్రటి ఇనుప దిమ్మెలు రెండు అడ్డంగా, లోపల ఆవిరితో కాలుతూ తిరుగుతుంటాయి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని వాటి నోటికి అందిస్తే, అవతలి వైపు పొడిగా, నున్నగా వస్తుంది. అక్కడ మరో ఇద్దరు మడతపెడతారు. అందించే ఇద్దరికీ జోడీ కుదరాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే గుడ్డ వంకర పోతుంది. ఉరుమక్కకు జోడీ దూదమ్మ. మాట మెత్తన కాబట్టి ఆ పేరు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఎన్నో ఏళ్ళు పక్కపక్కనే నిలబడి పనిచేసినవాళ్ళు, ఒకరి మోచెయ్యి కదలికను బట్టి రెండోవారు చెయ్యి కదిపేవారు.

ఆమెకు ఉరుమక్క అని పేరు రావడానికి కారణం ఒక వేసవి మధ్యాహ్నం. మడతపెట్టే చోట కొత్తగా చేరిన ఒక పచ్చి బాలింత ఆ వేడికి కళ్ళు తిరిగి దుప్పట్ల గుట్ట మీద కూలిపోయింది. పాత మేనేజరు తలుపు తీసి చూసి, మొహాన నీళ్ళు కొట్టమనీ, ఆమె స్థానంలో ఇంకొకరిని నిలబెట్టమనీ, ఆస్పత్రి దుప్పట్ల బండి వచ్చే వేళయిందనీ చెప్పి వెనక్కి తిరిగాడు. అంతవరకూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని ఈవిడ వెళ్ళి రోలరు స్విచ్చి కట్టేసింది. ఆ తర్వాత నోరు విప్పింది. ఏమన్నదో ఆమెకే గుర్తులేదు. విన్న ఆడవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు, చెప్పినప్పుడల్లా తలో మాటా చేర్చారు. పాత మేనేజరు రక్తపోటు మనిషి, చప్పుడంటే జడుస్తాడు. ఆ అరుపుకు ఆయన మొహం పాలిపోయింది. రోలరు నిలిచిపోయే ఉంది, బండి గేటు దగ్గర హారను కొడుతోంది. ఆ బాలింతను ఇంటికి పంపారు. వారం తిరక్కుండా గోడలకు పెద్ద పెద్ద ఫ్యాన్లు వచ్చాయి.

అప్పటినుంచీ ఏ అవసరం వచ్చినా ఆమెనే ముందుకు తోసేవారు. చేతి తొడుగులు కావాలన్నా, టీకి కాసేపు కూర్చోనివ్వాలన్నా, పిల్లకు జ్వరమని సెలవు కావాలన్నా "నువ్వొచ్చి నిలబడక్కా, చాలు" అనేవారు. ఆమె వెళ్ళి ఉరిమేది. పక్కన దూదమ్మ ఉండేది. ఉరుము కాస్త తగ్గగానే దూదమ్మ అందుకునేది. "వదిన కోపం మీకు తెలుసు కదా సార్. ఈ ఒక్కదానికీ ఊ అనండి, నేను తీసుకెళ్ళిపోతాను." పాత మేనేజరు ఊ అనేవాడు. ఒకరు ఉరిమేవారు, ఇంకొకరు వాన కురిపించేవారు. అలా చాలానే సాధించారు.

మొదట్లో రెండు మూడుసార్లు వచ్చినది నిజం కోపమే. తర్వాత తర్వాత తెచ్చుకోవలసి వచ్చింది. మేనేజరు గదికి వెళ్ళవలసిన రోజు ఆమె పొద్దున ఏమీ తినేది కాదు. కడుపు ఖాళీగా ఉంటే కోపం తొందరగా అంటుకుంటుందని మా అమ్మకు చెప్పింది. దారిలో నడుస్తూ, దుప్పట్ల గుట్ట మీద పడి ఉన్న ఆ బాలింత మొహాన్ని తలుచుకునేది. బొగ్గుల మీద ఊదినట్టు ఆ జ్ఞాపకం మీద ఊదుకుంటూ లాండ్రీ చేరేది. కొన్నాళ్ళకు ఆ మొహం చెరిగిపోయింది. ఎంత ఊదినా బూడిదే లేస్తోందని, అప్పుడు గొంతు ఒక్కటే పెంచుతున్నాననీ చెప్పింది.

ఆమె సంగతి వీధిలోకీ పాకింది. కుళాయి బాగుచెయ్యని వాళ్ళ దగ్గరకి, బడిలో సీటు లేదన్న పెద్ద పంతులమ్మ దగ్గరకి, అందరూ ఆమెను వెంటపెట్టుకుని వెళ్ళేవారు. మా అమ్మ కూడా ఒకసారి, కొన్న మర్నాడే చెడిపోయిన మిక్సీ చంకన పెట్టుకుని, ఆమెను కొట్టుకు తీసుకెళ్ళింది. మిక్సీ మార్చి ఇచ్చారు. అమ్మ సంబరంగా ఇల్లు చేరింది. ఆమె మాత్రం పైకి వెళ్ళి తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని పడుకుంది. డబ్బు అప్పిచ్చినవాళ్ళకు వడ్డీ ముడుతుంది. కోపం అరువిచ్చిన ఆవిడకు తలనొప్పి ముట్టేది. అది అడిగినవాళ్ళు లేరు.

పాత మేనేజరు పని మానుకున్నాక కొత్తాయన వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఎవరినైనా మీరు అనేవాడు. బల్ల మీద ఎప్పుడూ గాజు కూజాలో నీళ్ళుండేవి. మొదటిసారి ఉరుమక్క ఆయన గదిలో ఉరిమినప్పుడు ఆయన లేచి కుర్చీ జరిపాడు, గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాడు, చేతులు కట్టుకుని విన్నాడు. అంతా విని, "అయిపోయిందామ్మా? ఇప్పుడు ఎక్కడ తేల్చుకుందామో చెప్పండి" అన్నాడు. ఆమె దగ్గర అరుపు తప్ప ఇంకేమీ సిద్ధంగా లేదు. అడిగినదానిలో సగం ఇచ్చి పంపాడు. ఆయన తన గుమాస్తాతో అన్న మాట కూడా త్వరలోనే షెడ్డులోకి వచ్చింది. ఆవిడ గంపెడు అరిస్తే బుట్టెడు అడుగుతున్నట్టు, అందులో చేటెడు ఇస్తే సరిపోతుందీ అని.

దాంతో ఆడవాళ్ళు గంపను పెద్దది చేశారు. ఇంకా గట్టిగా అరవమనేవారు. ఆమె అరిచేది, ఆయన నీళ్ళు పోసేవాడు. ఒకరోజు ఆమె భర్త దగ్గర కూర్చుని, నా అరుపు చిల్లరడబ్బులయిపోయింది అని చెప్పుకుంది. ఆయన భూతద్దం తియ్యకుండానే, "గంటగంటకీ కొట్టే గడియారం ఎవరికీ వినపడదే" అన్నాడు. తిట్టడానికి కాదు, తనకు తెలిసిన సంగతి చెప్పాడు. ఇక వెళ్ళనని ఆమె అనుకుంది. కానీ అడిగినవాళ్ళకు కాదని చెప్పడానికి కూడా కొంచెం కోపం కావాలి. ఆమె కోపమంతా ఊరి పనులకే సరిపోయేది.

ఆ ఏడు కొత్తగా పెద్ద హోటలు పని వచ్చింది. మూటలు రెట్టింపయ్యాయి. రోలరు నోటి దగ్గర అడ్డంగా ఒక కమ్మీ ఉండేది. చెయ్యి పొరపాటున లోపలికి పోబోతే ఆ కమ్మీకి తగులుతుంది, తగలగానే రోలరు నిలిచిపోతుంది. కమ్మీ పాతబడి వదులైంది. గుడ్డ కాస్త ముడతపడినా తగిలి రోలరు ఆగిపోయేది. మాటిమాటికీ ఆగుతుంటే మూటలు పేరుకుపోతున్నాయని మెకానిక్కు దాన్ని పైకెత్తి తీగతో కట్టేశాడు. కొత్తది తెప్పిస్తామన్నారు. నిజం చెప్పాలంటే మొదట ఎవరికీ బాధ లేదు. పని తొందరగా తెమిలేది, పొద్దుండగానే ఇల్లు చేరేవారు. ఉరుమక్క కూడా సంతోషించింది.

ఒక పొద్దున్న ఆమె చేతిలోని బల్లగుడ్డ అంచు వేలికి మెలిపడింది. రోలరు లాగింది. వేళ్ళ కొనలకు ఆ ఇనుము సెగ తగిలాక గానీ చెయ్యి ఊడి రాలేదు. ఏమీ కాలేదు, కొనలు కాస్త ఎర్రబడ్డాయి, అంతే. ఆమె మాత్రం చేతిలోని గుడ్డ వదిలేసింది. ఎవరూ తోయలేదు, ఎవరూ అడగలేదు. కడుపు నిండానే ఉంది. తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది. తన కొస సరిచూసుకుంటున్న దూదమ్మ సంగతి ఏమిటో తెలియక వెనకాలే పరుగెత్తింది.

ఆ రోజు అరిచినట్టు ఆమె అంతకుముందెన్నడూ అరవలేదని దూదమ్మ చెప్పింది. కమ్మీ దింపమంది, చెయ్యి పోతుందంది, మాట మధ్యలో ఏడ్చేసింది. మేనేజరు ఎప్పటిలాగే లేచి కుర్చీ జరిపాడు, నీళ్ళు పోశాడు. "అయిపోయిందామ్మా?" అన్నాడు. ఆమె గ్లాసును చేత్తో కొట్టింది. అది దొర్లి నీళ్ళన్నీ బల్ల మీద పారాయి. ఆయన విసుక్కోలేదు. జేబురుమాలుతో కాగితాలు తుడుచుకుంటూ దూదమ్మ వైపు తిరిగి, "మీరు చెప్పండి. అసలు ఏం కావాలి?" అని అడిగాడు.

ఆ వారమంతా ఆదివారం షిఫ్టు గురించి గొడవ నడుస్తోంది. ఈ అరుపు వెనక ఉన్నది అదేనని ఆయన అనుకున్నాడు. దూదమ్మా అదే అనుకుంది. అలవాటు ప్రకారం మెత్తగా అందుకుంది. "కొత్త కమ్మీ వచ్చేదాకా మేం జాగ్రత్తగానే చేసుకుంటాం సార్. ఆ ఆదివారం సంగతి ఒక్కటీ చూడండి." ఆయన ఒప్పుకున్నాడు. ఇకనుంచి ఆదివారం రానక్కర్లేదన్నాడు.

షెడ్డులో అందరూ ఆమె చుట్టూ మూగారు. ఒకామె వీపు తట్టి, "ఈసారి ఏడుపు కూడా కలిపావు చూడక్కా, దాంతో పడిపోయాడు" అంది. ఉరుమక్క దూదమ్మ వైపు తిరిగింది.

"నువ్వూ అలాగే అనుకున్నావా వదినా?"

దూదమ్మ మెత్తగానే, "నిజమో కాదో నాకెలా తెలుస్తుంది వదినా. ఇన్నేళ్ళూ రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అంది.

మూటలు ఎదురుచూస్తున్నాయి. ఉరుమక్క వెళ్ళి తన కొస పట్టుకుంది. ఆ సాయంత్రం పోతూ పోతూ తలపిన్నుతో ఆ తీగ ముడి విప్పబోయింది. రాలేదు. మర్నాడు భర్త పనిముట్లలోంచి శ్రావణం పట్టుకొచ్చి విప్పేసింది. మెకానిక్కు చూసి, ఏమీ అనకుండా మళ్ళీ కట్టేశాడు.

తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. పొద్దున పని మొదలైన కాసేపటికి, దూదమ్మ తన కొసన పడ్డ ముడత సరిచెయ్యబోయింది. పక్కనున్న మోచెయ్యి ముందుకు పోతోందని ఉరుమక్కకు తెలిసింది. తెలిసి స్విచ్చి దగ్గరికి ఉరికేలోపు అయిపోయింది. దూదమ్మ పెద్దగా అరవను కూడా లేదట. వదినా అని ఒక్కసారి పిలిచిందట, మామూలుగా పిలిచినట్టే.

కుడిచేతికి బొటనవేలు మిగిలింది. మిగతావి ఉన్నాయనే గానీ అవి మరి ముడుచుకోవనీ, పనికి రావనీ డాక్టరు చెప్పాడు.

లాండ్రీ అంతా భగ్గుమంది. అప్పటిదాకా ఉరుమక్క వెనక దాక్కున్నవాళ్ళు కూడా పళ్ళు కొరికారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడక్కా, పద, ఈసారి అందరం వస్తాం, నువ్వు ముందు నడువు అన్నారు. ఆమె ముందు దూదమ్మకు చెప్పి వస్తానని ఆస్పత్రికి వెళ్ళింది. మంచం పక్కన నిలబడి, ఆయన్ని వదలను వదినా, ఈసారి బల్ల ఎత్తి వేస్తాను అంది. దూదమ్మ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కిటికీ వైపు చూస్తోంది.

"నువ్వు వెళ్ళొద్దు వదినా" అంది.

"ఎందుకని?"

"నువ్వు అరుస్తావు. ఆయన నీళ్ళు పోస్తాడు. అయిపోయిందా అని అడుగుతాడు. తర్వాత ఇందులో సగం ఎంతా అని లెక్క కడతాడు." కట్టు వైపు చూసుకుంది. "నా చేతిలో సగం ఎంత వదినా?"

ఉరుమక్క మంచం అంచున కూలబడింది. దూదమ్మ నెమ్మదిగానే ఇంకో మాట అడిగింది. ఆమె గొంతులో నింద లేదు, తెలుసుకోవాలనే అడిగింది. కానీ దాన్ని ఉరుమక్క ఆ తర్వాత ఏళ్ళ తరబడి మోసింది. "ఆ పిల్ల పడిపోయిన రోజు ముందు స్విచ్చి కట్టేశావు కదా. మరి నీ వేలు కాలిన రోజు ఎందుకు కట్టలేదు?"

"అరిస్తే చాలనుకున్నాను" అంది ఉరుమక్క.

మేనేజరుతో మాట్లాడడానికి దూదమ్మ తమ్ముడు వెళ్ళాడు. బస్సు నడిపేవాడు, అక్కలాగే మెత్తనివాడు. మేనేజరు ఆయన్ని కూర్చోబెట్టి ఎంతో బాధపడ్డాడు. ఆస్పత్రి ఖర్చు భరిస్తామన్నాడు. నయమయ్యాక గేటు దగ్గర కూర్చుని మూటలు సరిచూసుకునే పని ఇస్తామన్నాడు. తమ్ముడు దండం పెట్టి వచ్చేశాడు. ఉరుమక్క వెళ్ళి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేదని కొందరన్నారు. ఆవిడ వెళితే ఆ మాత్రమూ వచ్చేది కాదని ఇంకొందరన్నారు. ఆ వాదన ఈనాటికీ తెగలేదు. కొత్త కమ్మీ మాత్రం వారంలో వచ్చింది. చప్పుడు చెయ్యకుండా బిగించి వెళ్ళారు.

కొన్ని నెలలకు మేనేజరును వేరే చోటికి పంపారు. వెళ్ళేముందు ఆయన షెడ్డులోకి వచ్చి అందరికీ చెప్పుకున్నాడు. రోలరు దగ్గరికొచ్చి ఆగాడు. ఆయన చెడ్డవాడు కాదు. దూదమ్మను తలుచుకుని నిద్రపట్టని రోజులు ఆయనకూ ఉన్నాయేమో. ఉరుమక్కతో, "ఆ రోజు మీరు మామూలుగా చెప్పి ఉంటే వినేవాణ్ణమ్మా" అన్నాడు.

ఆమె చేతిలోని దుప్పటి కొస వదలకుండానే చెప్పింది. "మామూలుగా చెప్పినవాళ్ళ మాట మీరెప్పుడు విన్నారు సార్?"

గొంతు పెంచలేదు. పక్కనున్న కొత్త జోడీకి కూడా సరిగ్గా వినపడలేదు. ఆయనకు వినపడింది. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమె లాండ్రీలో ఎవరికోసమూ నోరెత్తలేదు. మరుసటి వేసవికి గోడ ఫ్యాన్లు ఒకటొకటిగా నిలిచిపోయాయి. ఆడవాళ్ళు వచ్చి అడిగారు. మీరే చెప్పుకోండి, నాకు చేతకాదు అంది. నాలుగుసార్లు అడిగి, ఐదోసారి ఆమెను కంపెనీవాళ్ళు కొనేశారని చెప్పుకున్నారు. కొత్తగా చేరిన దుడుకు మనిషి ఒకామె, పాత కథలు విని, ఉరుమక్కలాగే మేనేజరు గదిలో అరిచి చూసింది. మర్నాటినుంచి ఆమెను రావద్దన్నారు. ఆమె తరఫున మాట్లాడడానికి ఎవరూ వెళ్ళలేదు. అందరూ ఉరుమక్క వైపే చూశారు, ఆమె తల ఎత్తలేదు.

దూదమ్మ గేటు దగ్గర కూర్చునేది. ఎడమచేత్తో మూటలు ముట్టుకుంటూ లెక్కపెట్టి లోపలికి పంపేది. ఆదివారాల్లో ఉరుమక్క వాళ్ళింటికి వెళ్ళి ఆమెకు తలంటి, చిక్కు తీసి జడ వేసేది. బజారు విషయాలు, పిల్లల విషయాలు మాట్లాడుకునేవారు. రోలరు మాట వాళ్ళ మధ్య రాలేదని దూదమ్మ మాతో చెప్పింది. "వదిన తీసిన చిక్కే మళ్ళీ మళ్ళీ తీసేది. దువ్వెన నా మాడుకు తగిలితే తెలిసేది. నేనేమీ అనేదాన్ని కాదు" అంది.

అత్తగారు పోయాక వాళ్ళు వాటా ఖాళీ చేసి కూతురి ఉద్యోగం ఉన్న వైపుకు మారారు. చాలా ఏళ్ళకు మా అమ్మా నేనూ ఆమెను ఒక కంటి డాక్టరు దగ్గర చూశాం. వరుసలో మాకన్నా ముందుంది. చిక్కిపోయింది, జుట్టంతా నెరిసింది. కుశలం అడిగితే నవ్వి, అందరూ బాగున్నారంది. మేము మాట్లాడుతుండగానే ఒక పెద్దమనిషి, చేతిలో ఫోను చూసుకుంటూ వచ్చి, తిన్నగా ఆమె ముందు నిలబడ్డాడు. వెనకవాళ్ళు గొణిగారు. మా అమ్మ ఆమె మొహంలోకి చూసింది.

ఆమె ఆ మనిషి వీపు వైపు ఒకసారి చూసి, చేతిసంచీ రెండో చేతికి మార్చుకుని, ఆయనకు చోటు చాలడానికి ఒక అడుగు వెనక్కి వేసింది.